లేబుల్ చూసి దారి: బొగ్గు బెల్టులో వ్యాగన్, ఉత్తరం, ప్యాకెట్

గోదావరి ఉత్తరపు ఒడ్డున, నేటి మంచిర్యాల జిల్లా జైపూర్ మండలంలోని పెగడపల్లి దగ్గర సింగరేణి సంస్థ కట్టిన థర్మల్ విద్యుత్ కేంద్రం 2016లో ఉత్పత్తి మొదలుపెట్టినప్పటి నుంచి ఆ నేల మీదుగా మూడు రకాల రవాణా ఎడతెగకుండా సాగుతోంది. దగ్గరి గనుల నుంచి బొగ్గు లోపలికి వస్తుంది. 600 మెగావాట్ల యూనిట్లు రెండింటి నుంచి పుట్టిన కరెంటు 400 కిలోవోల్టుల తీగల మీద గజ్వేల్ దిక్కుగా వెళ్ళిపోతుంది. ఎంత బొగ్గు వచ్చింది, ఎంత కరెంటు పోయింది అన్న లెక్క అంకెలుగా మారి కంప్యూటర్ నెట్‌వర్కుల్లో తిరుగుతుంది. మూడూ ఒకే ఆవరణలో కలిసినా దారి దొరికించుకునే తీరు మూడింటికీ మూడు రకాలు: బొగ్గుకు దారి ముందే వేసి ఉంటుంది, కరెంటుకు దారి చెప్పడం ఎవరి తరమూ కాదు, సమాచారం మాత్రం ప్రతి కూడలిలోనూ చిరునామా చూపించి తర్వాతి అడుగు ఎటో అడుగుతూ పోతుంది. ఈ మూడో పద్ధతి కంప్యూటర్లతోనే పుట్టిందన్న అభిప్రాయం బలంగా ఉన్నది గాని, అది పూర్తిగా నిజం కాదు. ఇదే బెల్టులో బొగ్గు వ్యాగన్ కొన్ని దశాబ్దాల పాటు సరిగ్గా అలాగే ప్రయాణించింది, ఆ తర్వాత ఆ పద్ధతిని వదిలేసింది.

భారత భూగర్భ పరిశోధన సంస్థకు చెందిన విలియం కింగ్ 1871లో ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకపు హక్కులు పొందింది. 1889లో ఉత్పత్తి మొదలయింది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ పేరుతో సంస్థ నమోదయింది. తవ్వకం ఇల్లెందు నుంచి కొత్తగూడేనికి, బెల్లంపల్లికి, మందమర్రికి, 1960 ప్రాంతంలో రామగుండం పక్కన వెలసిన గోదావరిఖనికి విస్తరించింది. ఈ ఉత్తరపు బెల్టుకు ప్రాణం పోసింది మాత్రం నిజాం రైల్వే 1929 నాటికి పూర్తి చేసిన కాజీపేట–బల్లార్షా మార్గం. ఢిల్లీని మద్రాసుతో నేరుగా కలిపే ఆ లైను మీద రామగుండం, మంచిర్యాల, రవీంద్రఖని, మందమర్రి, బెల్లంపల్లి స్టేషన్లు వరుసగా ఉండడం వల్ల బాయి నుంచి పైకి వచ్చిన బొగ్గుకు ఉత్తర దక్షిణాలు రెండూ తెరుచుకున్నాయి.

ఆ రోజుల్లో బొగ్గు కొనేవాళ్ళు ఒకరిద్దరు కారు. రైలు ఇంజన్ల షెడ్లు, నూలు మిల్లులు, సిమెంటు కర్మాగారాలు, పొగాకు బారన్లు, ఇటుక బట్టీలు, ఇలా ఎవరికి కావలసిన వ్యాగన్లు వారు రెండో నాలుగో బుక్ చేసుకునేవారు. కాబట్టి ఒక సైడింగు నుంచి బయలుదేరే గూడ్సు బండిలో పక్కపక్క వ్యాగన్లకు వేర్వేరు గమ్యాలు ఉండేవి. ప్రతి వ్యాగన్ మీదా బయలుదేరిన స్టేషను, చేరవలసిన స్టేషను రాసిన లేబుల్ ఉండేది. సరుకు వివరాలున్న ఇన్‌వాయిస్ కాగితం గార్డు చేతిలో వేరుగా వచ్చేది. కాజీపేట వంటి పెద్ద యార్డుకు బండి చేరగానే నంబర్ టేకర్ అనే చిన్న ఉద్యోగి, రాత్రయితే లాంతరు పట్టుకుని, బండి పొడుగునా నడుస్తూ ప్రతి పెట్టె దగ్గరా ఆగి దాని నంబరును, లేబుల్ మీది ఊరి పేరును చిట్టాలోకి ఎక్కించేవాడు. ఆ చిట్టా ప్రకారం షంటింగ్ ఇంజను బండిని విడదీసి, ఏ దిక్కు పెట్టెలను ఆ దిక్కు పట్టాల మీదికి తోసి, కొత్త బండ్లు కూర్చేది. దీన్నే మార్షలింగ్ అన్నారు. గమనించవలసిన సంగతి ఏమంటే, కాజీపేటలో షంటింగ్ చేయించే మాస్టరుకు ఆ వ్యాగన్ చివరికి ఏ వీధిలోని ఏ మిల్లుకు చేరుతుందో, మధ్యలో ఎన్ని యార్డులు దాటుతుందో తెలియనక్కరలేదు. ఫలానా పేరున్న లేబుల్ ఏ లైను మీదికి పోవాలో తెలిస్తే చాలు. మిగిలిన దారి తర్వాతి యార్డు చూసుకుంటుంది.

ఈ పద్ధతిలో ఇబ్బందులకు కొదవ లేదు. వాన దెబ్బకు లేబుల్ ఊడిపోయిన వ్యాగన్, ఇన్‌వాయిస్ ఒక బండిలో తాను ఒక బండిలో పడిపోయిన వ్యాగన్ యార్డులో అనాథగా నిలిచిపోయేది. రైల్వే భాషలో దాన్ని అన్‌కనెక్టెడ్ వ్యాగన్ అనేవారు. నడిచిన సమయం కన్నా యార్డుల్లో నిలబడ్డ సమయమే వ్యాగన్‌కు ఎక్కువయ్యేది. అందుకే 1980ల తొలి ఏళ్ళలో భారతీయ రైల్వే విడి వ్యాగన్ల బుకింగును క్రమంగా వదిలించుకుని, ఒకే చోట నిండి ఒకే చోట ఖాళీ అయ్యే బ్లాక్ రేక్ వైపు, అంటే 58, 59 వ్యాగన్లు విడిపోకుండా మొదటి నుంచి చివరిదాకా కలిసి నడిచే బండి వైపు మళ్ళింది. బొగ్గు బెల్టులో ఈ మార్పుకు పరాకాష్ఠ రామగుండం ఎన్టీపీసీ. 1983లో మొదటి యూనిట్ నడక మొదలుపెట్టిన ఆ కేంద్రానికి గోదావరిఖని గనుల నుంచి మెర్రీ-గో-రౌండ్ అనే సొంత రైలు మార్గం ఏర్పడింది: సీహెచ్‌పీ అనే కోల్ హ్యాండ్లింగ్ ప్లాంటు దగ్గర బొగ్గు నింపుకోవడం, కేంద్రంలో అడుగు తలుపులు తెరిచి కుమ్మరించడం, తిరిగి వెళ్ళి నింపుకోవడం. అక్కడ వ్యాగన్‌కు లేబుల్ అక్కరలేదు, దారి వెతుక్కునే పనే లేదు.

సరిగ్గా అదే 1983 జనవరి 1న అమెరికాలో ఆర్పానెట్ అనే పరిశోధనా నెట్‌వర్కులోని కంప్యూటర్లన్నీ టీసీపీ–ఐపీ అనే కొత్త నియమావళికి మారాయి. నేటి ఇంటర్నెట్ పుట్టినరోజుగా చాలామంది లెక్కించేది ఆ తేదీనే. రైలు విడి పెట్టెల పద్ధతిని వదిలేస్తున్న కాలంలోనే సమాచార ప్రపంచం దాన్ని ఎత్తుకోవడం కాకతాళీయమే గాని, వెనక ఉన్న లెక్క ఒక్కటే. బొగ్గు బరువైనది, దాన్ని మధ్యలో ఆపి, విడదీసి, కూర్చడానికి ఖర్చవుతుంది. అంకెలకు బరువు లేదు. వాటిని విడదీసి కూర్చే యంత్రాలు ఏటికేడు చవకైపోయాయి, ఖరీదైనది తీగ మాత్రమే. కాబట్టి తీగ ఒక్క క్షణం కూడా ఖాళీగా ఉండకూడదన్నది సమాచార ప్రపంచపు ఆరాటమయింది.

అంతకు ముందు టెలిఫోన్ నడిచిన తీరు బ్లాక్ రేక్ లాంటిది. గోదావరిఖని నుంచి హైదరాబాద్‌కు ట్రంక్ కాల్ బుక్ చేసుకున్న మనిషి గంటల తరబడి ఎదురుచూసిన తర్వాత ఎక్స్ఛేంజీలు ఒకదాన్నొకటి తగిలించుకుని ఇద్దరి మధ్యా ఒక తీగను పూర్తిగా అప్పగించేవి. వాళ్ళు మాట్లాడినా, మౌనంగా ఉన్నా ఆ తీగ ఇంకెవరికీ దక్కేది కాదు. దీనికి సర్క్యూట్ పద్ధతి అని పేరు. తంతి వ్యవస్థ మాత్రం ఇంకో దారిలో నడిచింది: మంచిర్యాలలో ఇచ్చిన టెలిగ్రామ్ ఒక కార్యాలయంలో దిగి, కాగితం మీదికెక్కి, మళ్ళీ టకటక మోగుతూ తర్వాతి కార్యాలయానికి పోయేది. నిలిపి ముందుకు పంపే ఈ పద్ధతి ఇంటర్నెట్‌కు అసలు తాత అనవచ్చు. 2013 జూలైలో టెలిగ్రామ్ సేవ దేశంలో ముగిసేనాటికి మనవడు ఇల్లంతా ఆక్రమించేశాడు.

1964లో అమెరికా రాండ్ సంస్థలోని పాల్ బారన్, అణుబాంబు పడి కొన్ని కూడళ్ళు నాశనమైనా మిగిలినవి పని చేయగల నెట్‌వర్కును ప్రతిపాదిస్తూ, సందేశాన్ని ముక్కలు చేసి ఒక్కో ముక్కకూ చిరునామా కట్టాలని, ప్రతి కూడలీ తన చేతికి వచ్చిన ముక్కను ఆలస్యం చేయకుండా మేలైన పక్క కూడలికి అందించాలని వివరించాడు. కాలుతున్న బంగాళాదుంపను చేతిలో ఉంచుకోలేనట్టుగా అన్నది అతని పోలిక. బొగ్గు నేల మీద నిప్పు కణిక అంటే ఇంకా బాగా అతుకుతుంది. ఇంగ్లండులో డొనాల్డ్ డేవిస్ అదే కాలంలో విడిగా అదే ఆలోచనకు వచ్చి, ఆ ముక్కకు ప్యాకెట్ అని పేరు పెట్టాడు. ఇతర భాషల్లోకి సులువుగా పోయే మాట కావాలని అతడు భాషావేత్తను కూడా సంప్రదించాడంటారు. తెలుగులోకి అది అనువాదం కాకుండానే వచ్చేసింది. పొట్లం అనే చక్కని మాట చేతిలో ఉండగా, పాల ప్యాకెట్‌తో పాటు ఇదీ ప్యాకెట్‌గానే నిలిచిపోయింది.

ఒక ప్యాకెట్‌లో సాధారణంగా పట్టేది 1500 బైట్లు. అందులో 40 బైట్ల వరకు చిరునామాకు, లెక్కలకు పోతాయి, అదే లేబుల్. మిగిలినది సరుకు. యూనికోడ్ యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు, సున్న ఒక్కొక్కటి 3 బైట్లు తింటుంది కాబట్టి శ్రీరాంపూర్ అన్న ఒక్క పేరుకు 33 బైట్లు కావాలి. అటువంటి పేర్లు ఒక ప్యాకెట్‌లో 44 పడతాయి. పత్రికలోని ఒక వ్యాసం కూడా పది నుంచి ముప్ఫై వరకు ముక్కలుగా చీలి, వేర్వేరుగా బయలుదేరి, గమ్యంలో వరుస నంబర్లను బట్టి మళ్ళీ అతుక్కుంటుంది.

ఈ ముక్కలకు దారి చెప్పే యంత్రం రౌటర్. ప్రతి రౌటర్ దగ్గరా ఏ చిరునామా అయితే ఏ పక్కకు అన్న పట్టిక ఉంటుంది. నంబర్ టేకర్, షంటింగ్ మాస్టరు ఇద్దరి పనీ అదే చేస్తుంది. ఆ పట్టిక ఎవరు రాస్తారు అన్నదే రౌటింగ్ చరిత్రలో అసలు ప్రశ్న. 1969లో మొదలైన ఆర్పానెట్‌లో ప్రతి కూడలీ తన పక్కవాళ్ళను అడిగి, వాళ్ళు చెప్పిన దూరానికి తన దూరాన్ని కలుపుకుని పట్టిక దిద్దుకునేది. మంచి వార్త, అంటే కొత్త దగ్గరి దారి, ఈ పద్ధతిలో చప్పున పాకేది. లైను తెగిందన్న చెడ్డ వార్త మాత్రం నత్తనడక నడిచేది. ఎందుకంటే తెగిన దారి గురించి ఇద్దరు పక్కవాళ్ళు ఒకరి పాత మాటను ఒకరు నమ్ముకుంటూ, దూరాన్ని ఒక్కో అంకె పెంచుకుంటూ, ప్యాకెట్లను తమ మధ్యే అటూ ఇటూ తిప్పుతుండేవారు. అలా తిరిగి తిరిగి నెట్‌వర్కును ముంచకుండా ప్రతి ప్యాకెట్‌కూ ఒక ఆయుష్షు పెట్టారు. ఒక్కో రౌటర్ దాటినప్పుడల్లా అది ఒకటి తగ్గి, సున్నా అయిన చోట ప్యాకెట్ చచ్చిపోతుంది. అన్‌కనెక్టెడ్ వ్యాగన్‌ను యార్డు మోసినట్టుగా దాన్ని ఎవరూ మోయరు. పంపినవాడే మళ్ళీ పంపుకోవాలి. 1980 నాటికి ఆర్పానెట్ వేరే పద్ధతికి మారింది: ప్రతి కూడలీ తన లైన్ల సంగతి అందరికీ చాటుతుంది, అందరూ మొత్తం పటం గీసుకుని, డచ్ గణితవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1959లో ప్రచురించిన గణిత విధానంతో ఎవరి దారి వారు లెక్కగట్టుకుంటారు.

పటం గీయడం ఒక సంస్థ లోపల సాధ్యం. ప్రపంచమంతటికీ సాధ్యం కాదు. ఇక్కడ సహాయపడింది తపాలా శాఖకు ఎప్పుడో తెలిసిన ఉపాయం. 1972 ఆగస్టు 15న అమలులోకి వచ్చిన పిన్‌కోడ్‌లో మంచిర్యాలది 504208, గోదావరిఖనిది 505209. చెన్నైలో ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగికి ఈ రెండు ఊళ్ళ తేడాతో పని లేదు. 50 అన్న మొదటి రెండు అంకెలు చూసి రెండింటినీ ఒకే సంచిలో వేస్తాడు. 504, 505 అన్న తేడా తెలంగాణలోకి వచ్చాకే, చివరి మూడంకెల అవసరం జిల్లాలోకి వచ్చాకే పడుతుంది. ఇంటర్నెట్ చిరునామాలను కూడా 1993 నుంచి ఇదే విధంగా, ముందు భాగాన్ని బట్టి గుత్తగా ప్రకటించడం మొదలయింది. ఒకే చిరునామాకు రెండు ప్రకటనలు సరిపోతే ఎక్కువ అంకెలు కలిసినదాన్నే రౌటర్ నమ్ముతుంది. ఈ నియమం ఎంత పదునైనదో 2008 ఫిబ్రవరి 24న తెలిసింది: పాకిస్తాన్ టెలికాం తన దేశంలో యూట్యూబ్‌ను ఆపడానికి పెట్టుకున్న పొడుగాటి చిరునామా ప్రకటన పొరపాటున బయటికి పొక్కడంతో రెండు గంటల పాటు ప్రపంచంలోని యూట్యూబ్ ప్యాకెట్లు అటు మళ్ళి, అక్కడే అంతమయ్యాయి.

పెద్ద సంస్థల నెట్‌వర్కులను స్వతంత్ర వ్యవస్థలు అంటారు; ఒక్కోదానికి ఒక నంబరు ఉంటుంది, బీఎస్ఎన్ఎల్‌ది 9829. వాటి మధ్య దారి కుదిర్చే నియమావళి బీజీపీ. 1989 జనవరిలో కర్క్ లఫీడ్, యాకొవ్ రెక్టర్ అనే ఇద్దరు ఇంజనీర్లు భోజనం దగ్గర నాప్‌కిన్ కాగితాల మీద గీసుకున్న ఆలోచన అది. ఇందులో దగ్గరి దారి కన్నా ఒప్పందం ముఖ్యం: ఎవరి నెట్‌వర్కు ఎవరి ప్యాకెట్లను ఏ షరతు మీద మోస్తుందో అదే దారిని నిర్ణయిస్తుంది. రామగుండం ప్రాంతపు విద్యుత్ చరిత్ర తెలిసినవారికి ఈ ఏర్పాటు పరిచితంగానే ఉంటుంది. దక్షిణ గ్రిడ్, పశ్చిమ గ్రిడ్ వేర్వేరు లయలతో నడిచిన కాలంలో రామగుండం నుంచి వెళ్ళే లైన్లు చంద్రాపూర్ జిల్లా భద్రావతిలోని ఏకముఖ విద్యుత్ కేంద్రం, అంటే హెచ్‌వీడీసీ కేంద్రం గుండానే అవతలి గ్రిడ్‌ను తాకేవి. ఎంత కరెంటు ఎటు దాటాలో ఆ ఒక్క ద్వారం దగ్గర మనుషులు తేల్చేవారు. 2013 డిసెంబరు 31న దక్షిణ గ్రిడ్ జాతీయ గ్రిడ్‌తో ఒకే లయలో కలిసింది. అయితే పోలిక అక్కడితో ఆగిపోతుంది, ఎందుకంటే గ్రిడ్ లోపల కరెంటుకు చిరునామా లేదు. జైపూర్‌లో పుట్టిన యూనిట్ ఇదీ అని వేలెత్తి చూపడం కుదరదు. అందుబాటులో ఉన్న తీగలన్నిటి మీదా, అడ్డు తక్కువైన చోట ఎక్కువగా, అడ్డు ఎక్కువైన చోట తక్కువగా, అది ఒకేసారి పారుతుంది.

బొగ్గు బెల్టు జిల్లాలకు ప్యాకెట్ మొదట ఆకాశం నుంచి దిగింది. 1980ల చివర ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ ఎన్ఐసీ దేశంలోని జిల్లా కేంద్రాలను ఉపగ్రహంతో కలుపుతూ నిక్‌నెట్‌ను నిర్మించింది. కలెక్టరేట్ల మీద చిన్న డిష్ యాంటెన్నాలు వెలిశాయి. జైపూర్ అప్పుడు ఆదిలాబాద్ జిల్లాలో, గోదావరిఖని కరీంనగర్ జిల్లాలో ఉండేవి. మధ్యలో ఉన్నది గోదావరి ఒక్కటే. కాని చిన్న డిష్‌లు ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడలేవు, ఢిల్లీలోని పెద్ద కేంద్రం గుండానే మాట్లాడాలి. కాబట్టి ఆదిలాబాద్ నుంచి కరీంనగర్‌కు పోయే సమాచారం సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తుకు ఎక్కి, ఢిల్లీలో దిగి, మళ్ళీ అంత ఎత్తుకు ఎక్కి కరీంనగర్‌లో దిగేది. లక్షా నలభై వేల కిలోమీటర్లకు పైబడిన ఆ ప్రయాణానికి కాంతి వేగంతో పోయినా అర సెకను పట్టేది. ఇందులో దారి వెతకడమనే సమస్యే లేదు. ఉన్నది ఒకే దారి, అదీ రాజధాని మీదుగా. పాలనా యంత్రాంగం ఆకారమే నెట్‌వర్కు ఆకారం కావడం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ సాధారణ ప్రజలకు ఇంటర్నెట్‌ను అందుబాటులోకి తెచ్చింది. 1998లో ప్రైవేటు సంస్థలకు తలుపులు తెరుచుకున్నాయి. ఆ తర్వాత కొన్నేళ్ళ పాటు సాగిన విచిత్రం ఏమంటే, హైదరాబాద్‌లోనే పక్కపక్క వీధుల్లో ఉంటూ వేర్వేరు సంస్థల చందాదారులైన ఇద్దరి మధ్య ఈమెయిల్ ఉత్తరం తరచుగా సముద్రాలు దాటి, విదేశంలో చేతులు మారి తిరిగి వచ్చేది. ఇక్కడి సంస్థలు ఒకదాన్నొకటి నేరుగా కలుపుకోకపోవడమే కారణం. ముక్కు చూపించమంటే తల చుట్టూ చెయ్యి తిప్పినట్టన్నమాట. దీన్ని సరిదిద్దడానికే 2003లో నిక్సీ ఏర్పడింది. దేశీయ నెట్‌వర్కులు ఒకే గదిలో కలిసి ప్యాకెట్లు మార్చుకునే కూడలి అది. హైదరాబాద్‌లోనూ దాని శాఖ ఉంది. కాజీపేట యార్డు చేసిన పనిని కొన్ని అల్మరాల్లో ఇమిడిన యంత్రాలు చేయడం మొదలుపెట్టాయి.

నేల మీద ఫైబర్ మాత్రం పాత దారుల వెంటే వచ్చింది. 2000లో ఏర్పడిన రైల్‌టెల్ రైలు పట్టాల పక్కన, బీఎస్ఎన్ఎల్ రోడ్ల అంచున, విద్యుత్ సంస్థలు టవర్ల కొసన పిడుగును అడ్డుకునే ఎర్త్ వైరు కడుపులో గాజు పోగులను పరిచాయి. తెలంగాణ ఏర్పడ్డాక టీ-ఫైబర్ సంస్థ మిషన్ భగీరథ నీటి పైపుల కందకాలనే వాడుకుంది. ఒకే గీత మీద ఊరూరికీ సాగిన ఫైబర్‌కు ఒక లోపం ఉన్నది: ఎక్కడ జేసీబీ పళ్ళు తగిలినా అక్కడి నుంచి చివరిదాకా ఊళ్ళన్నీ మూగబోతాయి, రౌటర్ ఎంత తెలివైనదైనా లేని దారిని సృష్టించలేదు. ఓపెన్‌కాస్ట్ గనులు విస్తరించిన కొద్దీ రోడ్లూ తీగలూ పక్కకు జరగక తప్పని బొగ్గు బెల్టులో ఈ లోపం మరింత బాధిస్తుంది. అందుకే 2023లో కేంద్రం ఆమోదించిన సవరించిన భారత్‌నెట్ పథకం ఫైబర్‌ను వలయంగా వేయాలని నిర్ణయించింది. వలయంలో ఒకచోట తెగితే ప్యాకెట్ వెనుదిరిగి రెండో వైపు నుంచి చేరుతుంది. 2024 డిసెంబరులో టీ-ఫైబర్ సేవను ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన ఊళ్ళలో పెద్దపల్లి జిల్లా అడవి శ్రీరాంపూర్ ఒకటి.

రైలు కూడా ఈ నెట్‌వర్కు మీదికే ఎక్కింది. సరుకు బండ్ల జాడ తెలిపే ఫోయిస్ వ్యవస్థ వచ్చాక సైడింగులో రేకు నిండగానే ఎన్ని వ్యాగన్లు, ఏ నంబర్లు, ఎంత బరువు, ఎవరికి అన్న వివరాలు గుమాస్తా కంప్యూటర్‌లోకి ఎక్కిస్తాడు, రైల్వే రసీదు అక్కడే అచ్చవుతుంది. బొగ్గు బండి మందమర్రి, మంచిర్యాల దాటి గోదావరి వంతెన ఎక్కేటప్పుడు దాని వ్యాగన్ల మీద ఊరి పేరు రాసిన లేబుల్ ఏదీ కనిపించదు. ఆ పేరు అప్పటికే 40 బైట్ల చిరునామా కట్టుకుని, పట్టాల పక్కనే మట్టిలో ఉన్న గాజు పోగు గుండా, రౌటర్ తర్వాత రౌటర్‌ను దారి అడుగుతూ ఢిల్లీకి చేరి ఉంటుంది.